హెచ్‌ఆర్ ఎంబీఏకి పది లక్షల అప్పు: లెక్క ఎక్కడ తప్పుతోంది

ఐసెట్ ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో చాలా ఇళ్లలో ఒకేలాంటి మాటలు నడుస్తాయి. అమ్మాయి బీకామ్ పూర్తయింది, కోడింగ్ ఇష్టం లేదు, నలుగురితో బాగా మాట్లాడుతుంది, ఎంబీఏ హెచ్‌ఆర్ చేయిస్తే బాగుంటుంది. ఇంతవరకు తప్పేం లేదు. ఆ తర్వాత ఫీజు ఎంత, ప్యాకేజీ ఎంత అని రెండు అంకెలు అడుగుతారు. రెండోది పెద్దగా కనిపిస్తే బ్యాంకుకు వెళ్తారు. హెచ్‌ఆర్ విషయంలో ఈ రెండూ చాలవు. ఆ డిగ్రీ చేయకపోయినా అదే అమ్మాయికి ఎంత జీతం వస్తుందన్న మూడో అంకె కూడా ముందుండాలి.

ఈ మూడో అంకె అన్ని చదువులకీ ఒకేలా పనిచేయదు. నర్సింగ్ చదవకుండా నర్సు కాలేరు, లా చదవకుండా కోర్టులో వాదించలేరు. అక్కడ డిగ్రీ లేకపోతే వృత్తే లేదు. హెచ్‌ఆర్‌కి అలాంటి లైసెన్సు లేదు. హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా ఉన్న కన్సల్టెన్సీల్లో రిక్రూటర్ ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. నౌకరీ వెబ్‌సైట్‌లో ప్రొఫైళ్లు వెతకడం, ఫోన్ చేసి నోటీస్ పీరియడ్ కనుక్కోవడం, ఇంటర్వ్యూకి పంపడం, జాయిన్ అయ్యేదాకా వెంటపడటం, ఇదీ పని. అమెరికా టైమింగ్స్‌లో నడిచే యూఎస్ ఐటీ రిక్రూట్‌మెంట్, బెంచ్ సేల్స్ (ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న ఐటీ ఉద్యోగులకు అక్కడ ప్రాజెక్టులు వెతికిపెట్టడం) ఆఫీసుల్లోనూ ఇంగ్లిష్ ఎలా మాట్లాడుతున్నారో, నైట్ షిఫ్టుకి ఒప్పుకుంటారో లేదో చూస్తారు తప్ప మార్కుల మెమోని పెద్దగా పట్టించుకోరు. జీతం పదిహేను నుంచి ఇరవై వేల మధ్య మొదలవుతుంది, పైన ఇన్సెంటివ్ ఉంటుంది.

చిక్కేమిటంటే, మధ్యస్థాయి కాలేజీల్లో ఎంబీఏ హెచ్‌ఆర్ పూర్తిచేసిన వాళ్లలో ఎక్కువమంది చేరేది కూడా ఈ ఉద్యోగాల్లోనే. పేరు కొంచెం మారుతుంది. టాలెంట్ అక్విజిషన్ అసోసియేట్ అంటారు, హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ అంటారు. పక్క సీట్లో రెండేళ్ల ముందే బీకామ్‌తో చేరిన అమ్మాయి ఉంటుంది, ఆమె జీతం అప్పటికి పాతిక వేలకు చేరి ఉంటుంది. ఆ రెండేళ్లలో నెలకు 18 వేల చొప్పున లెక్కేసినా ఆమె 4 లక్షల 32 వేలు సంపాదించింది. ఎంబీఏ చేసిన అమ్మాయి ఆ డబ్బు వదులుకుంది, పైగా ఫీజు కట్టింది. డిగ్రీ విలువ కట్టాలంటే వీళ్లిద్దరి జీతాల మధ్య తేడా చూడాలి. కాలేజీ బ్రోచర్ మాత్రం ఎంబీఏ చేసిన అమ్మాయి జీతం మొత్తాన్నీ డిగ్రీ ఖాతాలోనే రాసేస్తుంది.

ఇక ప్యాకేజీ అనే మాట సంగతి. క్యాంపస్‌లో 4 లక్షల ప్యాకేజీ అని చెప్పారనుకుందాం. 4 లక్షలను 12తో భాగించి నెలకు 33 వేలు అనుకునే తల్లిదండ్రులు చాలామంది. సీటీసీ అంటే కంపెనీకి ఆ ఉద్యోగి మీద అయ్యే మొత్తం ఖర్చు. అందులో పది శాతం వేరియబుల్ ఉంటే 40 వేలు పక్కకు పోతాయి, అవి ఏడాది చివర్లో వస్తే వచ్చినట్టు. కంపెనీ కట్టే పీఎఫ్, 15 వేల పరిమితి మీదే కడితే, నెలకు 1,800, ఏడాదికి 21,600. బేసిక్ 2 లక్షలైతే గ్రాట్యుటీ కింద 4.81 శాతం, అంటే మరో 9,620. ఇన్సూరెన్స్ ప్రీమియం ఆరు వేలు అనుకోండి. మిగిలిన మొత్తాన్ని నెలలకు పంచితే దాదాపు 26,900. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 25 వేలకు కాస్త తక్కువ. ఉద్యోగంలో చేరాక ఇలాంటి పే స్లిప్పులు తయారుచేయాల్సింది హెచ్‌ఆర్ వాళ్లే. చేరబోయే ముందు తమ స్లిప్పు తాము ఒకసారి వేసుకుని చూడటం మాత్రం అరుదు.

ఇప్పుడు అప్పు వైపు వద్దాం. ఐసెట్ కౌన్సెలింగ్ పరిధిలోకి రాని ప్రైవేటు యూనివర్సిటీలు, పీజీడీఎం (ఎంబీఏ లాంటి డిప్లొమా) కాలేజీల్లో రెండేళ్లకు పది లక్షలు అనేది ఇప్పుడు ఆశ్చర్యపరిచే ఫీజు కాదు. ఏడాదికి 5 లక్షల చొప్పున, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. విద్యా రుణంలో చదువుకునే కాలం, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. ఆ మూడేళ్లూ సాధారణ వడ్డీ నడుస్తుంది. మొదటి 5 లక్షల మీద మూడేళ్లకు లక్షన్నర, రెండో 5 లక్షల మీద రెండేళ్లకు లక్ష. మొదటి ఈఎంఐ కట్టే రోజుకి అప్పు పన్నెండున్నర లక్షలు. పదేళ్ల కాలానికి నెలవారీ వాయిదా సుమారు 16,500. ఏడేళ్లలో తీర్చేద్దామంటే 20,750. పదిహేనేళ్లకు సాగదీస్తే 13,400కి దిగుతుంది కానీ మొత్తం కట్టేది 24 లక్షలు దాటుతుంది.

చేతికొచ్చే 25 వేలలో 16,500 పోతే మిగిలేది 8,500. మాదాపూర్ పక్కన షేరింగ్ రూమ్ హాస్టల్‌కి ఏడెనిమిది వేలు ఇస్తే చార్జీలకు ఏమీ మిగలదు. కాబట్టి వాయిదా నాన్న కడతారు. ఆయన ఎలాగూ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టి ఉంటారు. ఒక్క వాయిదా తప్పినా సిబిల్ స్కోరు ఇద్దరిదీ దెబ్బతింటుంది. రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉన్న మనిషికి ఇది చిన్న టెన్షన్ కాదు. అమ్మాయి విషయంలో ఇంకోటి కూడా ఉంది, దీన్ని పైకి ఎవరూ అనరు. చదువైన రెండు మూడేళ్లకే పెళ్లి మాటలు మొదలవుతాయి, అప్పటికి అప్పులో అసలు పెద్దగా తగ్గి ఉండదు. పెళ్లయ్యాక ఆ వాయిదా ఎవరి జీతంలోంచి పోవాలన్న చర్చ సంబంధం మాట్లాడే చోటే వస్తోంది.

వాయిదా చేతికొచ్చే జీతంలో పావు వంతు దాటకూడదని పెట్టుకుంటే లెక్కను వెనక్కి తిప్పొచ్చు. 25 వేలలో పావు వంతు 6,250. మూడు లక్షల అప్పు తీసుకుంటే వాయిదాలు మొదలయ్యే నాటికి మూడు లక్షల డెబ్బై ఐదు వేలవుతుంది, ఏడేళ్ల వాయిదా 6,225. అంటే నాలుగు లక్షల ప్యాకేజీ మోయగలిగే అప్పు మూడు లక్షలు. పది లక్షల అప్పును పదేళ్లలో ఇదే పద్ధతిలో మోయాలంటే చేతికి నెలకు 66 వేలు రావాలి, అంటే సీటీసీ పది లక్షలు దాటాలి. మొత్తం మీద మొదటి ఏడాది సీటీసీకి మించి అప్పు చేయకపోవడమే క్షేమం. ఇది బ్యాంకు నిబంధన కాదు. బ్యాంకు అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికి కూడా సిద్ధంగానే ఉంటుంది.

మరి ఆ కాలేజీ నుంచి నిజంగా ఎంత వస్తుందో తెలిసేదెలా? అమెరికాలో ప్రభుత్వమే కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో కాలేజీలో ఒక్కో సబ్జెక్టు చదివినవాళ్ల మధ్యస్థ సంపాదన, మధ్యస్థ అప్పు పక్కపక్కన చూపిస్తుంది. మన దగ్గర అంత వివరంగా ఏదీ లేదు. ఉన్నవాటిలో దగ్గరగా వచ్చేది కేంద్ర ప్రభుత్వం కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్. చాలామంది అందులో ర్యాంకు చూసి వదిలేస్తారు. ర్యాంకు కంటే ఆ కాలేజీ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి సమర్పించిన పీడీఎఫ్ పత్రం పనికొస్తుంది. ఎంతమంది చేరారు, గడువులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అనేవి మూడు బ్యాచ్‌లకు అందులో ఉంటాయి. దాన్ని కాలేజీ తన వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి.

మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవాళ్లను జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి జీతం. బ్రోచర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. యావరేజ్‌ని కూడా అలాంటి ఇద్దరు ముగ్గురు పైకి లాగేయగలరు. మధ్యస్థాన్ని లాగడం కష్టం. అయితే ఇందులోనూ లోపాలున్నాయి. అంకెలు కాలేజీ సొంతంగా ఇచ్చేవే. పైగా ఫైనాన్స్, అనలిటిక్స్, మార్కెటింగ్ వాళ్లను, హెచ్‌ఆర్ వాళ్లను ఒకే కుప్పలో పోస్తారు. అందుకే కాలేజీకి వెళ్లినప్పుడు నేరుగా అడగాల్సినవి కొన్ని ఉంటాయి. పోయిన బ్యాచ్‌లో హెచ్‌ఆర్ మేజర్‌గా తీసుకున్నది ఎంతమంది, వాళ్లలో క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది, ఏ కంపెనీ, ఏ పోస్టు, ఫిక్స్‌డ్ ఎంత. సమాధానం చెప్పకుండా కంపెనీల లోగోలున్న ఫ్లెక్సీ చూపిస్తే అదే సమాధానం అనుకోవాలి. ఐఐఎం అహ్మదాబాద్ మొదలుపెట్టిన ప్లేస్‌మెంట్ రిపోర్టింగ్ ప్రమాణాల ప్రకారం కొన్ని సంస్థలు ఫిక్స్‌డ్, వేరియబుల్, ఒక్కసారే ఇచ్చే బోనస్ విడివిడిగా చెప్పి ఆడిట్ చేయిస్తాయి. అలాంటి నివేదిక ఉన్న చోట ఈ తిప్పలు ఉండవు.

ఎక్కువ ఫీజు కట్టడం అర్థవంతమైన చోట్లు లేకపోలేదు. జంషెడ్‌పూర్‌లో 1949లో మొదలైన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ పూర్తి పేరులోనే లేబర్ రిలేషన్స్ ఉంది, హెచ్‌ఆర్‌కి దేశంలో ముందు వినిపించే పేరు అదే. ఫీజు 30 లక్షల దరిదాపుల్లో ఉంది, ఇటీవలి బ్యాచ్‌ల సగటు ప్యాకేజీ కూడా దాదాపు అంతే. 9 శాతం వడ్డీకి మొత్తం అప్పే తీసుకున్నా, మొదటి మూడేళ్ల వడ్డీ కలిశాక పదేళ్ల వాయిదా 46,500 చుట్టూ ఉంటుంది, చేతికి లక్షన్నర వస్తే మోయొచ్చు. పావు వంతు సూత్రం ఇక్కడ కాస్త దాటుతుంది గానీ, లక్షన్నరలో వాయిదా పోగా మిగిలే లక్షతో బతకడం, పాతికలో పోగా మిగిలే ఎనిమిదిన్నర వేలతో బతకడం ఒకటి కావు. 1936లో పుట్టిన ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో హెచ్‌ఆర్ ఎంఏకి ఫీజు అంతకంటే చాలా తక్కువ, వచ్చే కంపెనీలు మాత్రం దాదాపు అదే వరుస. ఐఐఎం రాంచీ, గుర్‌గావ్ ఎండీఐ, పుణె ఎస్‌సీఎంహెచ్‌ఆర్‌డీ కూడా ఈ కోవలోవే. వీటికి కంపెనీలు రిక్రూటర్లను వెతుక్కుంటూ రావు. ఐదేళ్లలో ఒక వ్యాపార విభాగం హెచ్‌ఆర్ బాధ్యత అప్పగించడానికి మేనేజ్‌మెంట్ ట్రైనీలను తీసుకెళ్తాయి. బీకామ్‌తో ఆ గదిలోకి ప్రవేశం లేదు కాబట్టి తేడా నిజంగానే పెద్దది.

ఇబ్బందంతా మధ్యలో ఉంది. ఎనిమిది నుంచి పదిహేను లక్షల ఫీజు, నాలుగైదు లక్షల ప్యాకేజీ. ఆ ఫీజు భవనానికి, ఏసీ క్లాసు రూములకు, ఒక విదేశీ టూర్‌కి పోతుంది. కంపెనీ చూసేది మాత్రం అమీర్‌పేట అభ్యర్థిలో చూసేదే.

కింది వైపు, అంటే తక్కువ ఫీజు వైపు, ఉన్న దారుల గురించి మాత్రం తగినంత ప్రచారం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవ వనరుల నిర్వహణకు ప్రత్యేక విభాగమే ఉంది, ఎంహెచ్‌ఆర్‌ఎం కోర్సు నడుపుతుంది. మామూలు ఎంబీఏలో హెచ్‌ఆర్ అంటే రెండో ఏడాదిలో కొన్ని ఎలెక్టివ్ పేపర్లే. ఎంహెచ్‌ఆర్‌ఎంలో రెండేళ్లూ అదే సబ్జెక్టు: కార్మిక చట్టాలు, పారిశ్రామిక సంబంధాలు, వేతనాల నిర్వహణ. ఐసెట్ కన్వీనర్ కోటాలో చేరితే ఫీజు రాష్ట్ర నియంత్రణ సంస్థ ఖరారు చేసినదే ఉంటుంది, అర్హులకు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాకి అది వర్తించదు. రీయింబర్స్‌మెంట్ ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతుంటే, ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమనే కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఉద్యోగంలో చేరే వారంలో ఒరిజినల్స్ కోసం అప్పు పుట్టించాల్సి రావొచ్చు, ఆ మొత్తం చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఇలా తక్కువ ఖర్చుతో తెచ్చుకున్న డిగ్రీకి, డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగాలు తోడైతే లెక్క పూర్తిగా మారుతుంది. అలాంటివి ఉన్నాయి. ప్రభుత్వ రంగ సంస్థల్లో హెచ్‌ఆర్ ట్రైనీ పోస్టులకు హెచ్‌ఆర్, పారిశ్రామిక సంబంధాలు లేదా పర్సనల్ మేనేజ్‌మెంట్‌లో రెండేళ్ల పీజీ అడుగుతారు. కోల్ ఇండియాలో మేనేజ్‌మెంట్ ట్రైనీ మూల వేతనం 50 వేల దగ్గర మొదలవుతుంది. ఓఎన్‌జీసీ, పవర్‌గ్రిడ్ లాంటివి ఈ పోస్టులకు లెక్చరర్ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ స్కోరు తీసుకున్న సందర్భాలున్నాయి. నెట్‌లో లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్ సబ్జెక్టు కోడ్ 55. సింగరేణి కూడా పర్సనల్ విభాగానికి విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, ఇది నిజమే. కానీ ఈ పరీక్షలో పది లక్షల కాలేజీకి, యూనివర్సిటీ కాలేజీకి తేడా లేదు. డ్యూయల్ స్పెషలైజేషన్ తీసుకునేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి: హెచ్‌ఆర్ మైనర్‌గా ఉంటే కొన్ని నోటిఫికేషన్లలో దరఖాస్తే చెల్లదు.

ఫ్యాక్టరీలు మరో దారి. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 లేదా అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో భద్రత, ఆరోగ్యానికి సంబంధించినది ఆ సంఖ్యను 250కి దించింది. ఈ పోస్టుకి చదువు అర్హతలు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష రావాలన్న షరతు పాత నిబంధనల్లో చాలాచోట్ల ఉంది. పాశమైలారం, జీడిమెట్ల, అచ్యుతాపురం, పరవాడ, శ్రీసిటీలలో తెలుగు బాగా వచ్చిన మనిషికి ఇది అనుకూలమే. దీంతోపాటు 29 చట్టాలు నాలుగు కోడ్‌లుగా మారడంతో ప్రతి కంపెనీ జీతాల నిర్మాణం తిరగరాసుకోవాల్సి వచ్చింది. అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. దాని ప్రభావం గ్రాట్యుటీ మీద, పీఎఫ్ మీద పడుతుంది. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. ఇవి తెలిసి, ఈఎస్ఐ, పీఎఫ్ రిటర్నులు స్వయంగా వేయగలిగి, ఎక్సెల్‌లో పేరోల్ నడపగలిగిన ఫ్రెషర్‌కి మాదాపూర్ రిక్రూటర్ కంటే మెరుగైన పునాది ఉంటుంది. ప్లాంట్ ఉద్యోగంలో మొదటి జీతం గొప్పగా ఉండదు, ఊరికి దూరం, క్యాంటీన్ గొడవల నుంచి యాక్సిడెంట్ దాకా అన్నీ నెత్తిన పడతాయి. అయినా హెచ్‌ఆర్‌లో ఏఐ టూల్స్ ముందుగా తినేది రెజ్యూమెలు జల్లెడ పట్టే పనిని. యూనియన్ నాయకుడితో కూర్చుని మాట్లాడే పని జోలికి అవి ఇప్పట్లో రావు.

ముందు ఉద్యోగం, తర్వాత డిగ్రీ అనే వరుస కూడా చెడ్డదేమీ కాదు. బీకామ్‌తో రిక్రూటర్‌గానో పేరోల్ అసిస్టెంట్‌గానో చేరి, ఈ పని నచ్చుతుందో లేదో ఏడాది చూసుకుని, అప్పుడు ఇగ్నోలోనో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఎంబీఏ చేయొచ్చు. ఇగ్నోలో హెచ్‌ఆర్ ఎంబీఏ మొత్తం ఫీజు లక్షలోపే. దూరవిద్య డిగ్రీతో క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాదు. మేనేజర్ పోస్టుకి పీజీ ఉందా అని అడిగే చోట మాత్రం అడ్డు తొలగుతుంది. హెచ్‌ఆర్‌లో రెండో ఉద్యోగం నుంచి అనుభవమే ఎక్కువ మాట్లాడుతుంది కాబట్టి చాలామందికి ఈ వరుసే లాభం.

విదేశాల సంగతి క్లుప్తంగా. అమెరికాలో ఎంఎస్ తర్వాత 36 నెలలు పనిచేసుకునే వీలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకే. హెచ్‌ఆర్ మేనేజ్‌మెంట్ మామూలుగా ఆ జాబితాలో లేదు, దొరికేది 12 నెలలు. బ్రిటన్‌లో చదువయ్యాక ఇచ్చే రెండేళ్ల వీసా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే పీజీ విద్యార్థులకు 18 నెలలకు తగ్గుతుంది, స్కిల్డ్ వర్కర్ వీసాకి సాధారణ జీత పరిమితి 41,700 పౌండ్లకు పెరిగింది. అన్నిటికీ మించి హెచ్‌ఆర్ స్థానిక చట్టాలు, స్థానిక మనుషులతో నడిచే పని. దానికి బయటివాళ్లను స్పాన్సర్ చేసి తెచ్చుకోవాల్సిన అవసరం కంపెనీలకు అంతగా కనిపించదు. డేటా సైన్స్ చదివే పక్కింటి అబ్బాయి లెక్కను ఇక్కడ వాడకూడదు.

అప్పు తప్పదనుకున్నప్పుడు ఏ అప్పు అన్నది ముఖ్యం. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో జాబితాలో ఉన్న సంస్థలకు హామీ, తనఖా లేకుండా రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణానికి మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని) కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, అది ఏటా లక్ష మందికి. కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో అడ్మిషన్ ఫీజు కట్టకముందే పోర్టల్‌లో చూసుకోవాలి. ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వం ఇచ్చే 75 శాతం క్రెడిట్ గ్యారంటీ బ్యాంకుకే గానీ విద్యార్థికి కాదు, దాంతో కట్టాల్సిన అప్పు రూపాయి కూడా తగ్గదు. ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు, కాలేజీ కౌంటర్ దగ్గరే కూర్చుని గంటలో శాంక్షన్ ఇస్తాయి, వడ్డీ మాత్రం రెండు మూడు శాతం ఎక్కువ. విద్యా రుణం వడ్డీకి ఆదాయ పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. నాలుగు లక్షల జీతానికి ఎలాగూ పన్నే పడదు కాబట్టి కౌన్సెలర్ చూపించే ఆ లాభం కాగితం మీదే మిగులుతుంది.

ఇప్పటికే అప్పు తీసుకుని రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకు పనికొచ్చే పని ఒకటుంది. మారటోరియంలో వాయిదా కట్టనక్కర్లేదు గానీ వడ్డీ కడతామంటే బ్యాంకు కాదనదు. పది లక్షల ఉదాహరణలో మొదటి ఏడాది నెలకు 4,170, తర్వాత రెండేళ్లు 8,330 చొప్పున వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే ఆ రెండున్నర లక్షలు అసలులో కలవవు. పదేళ్ల వాయిదా 16,500 నుంచి 13,200కి దిగుతుంది, మొత్తం మీద లక్షా నలభై వేల పైచిలుకు మిగులుతుంది. అంత కట్టలేకపోతే సగం కట్టినా ఆ మేరకు కలిసొస్తుంది. ఇలా కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు వడ్డీ రేటు ఒక శాతం దాకా తగ్గిస్తాయి. ఆ రాయితీ ఉందో లేదో శాంక్షన్ లెటర్‌లో రాసి ఉంటుంది, లేకపోతే బ్రాంచిలో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.